బూటా ఆర్మీన్ పసుపు గీత

ముందు కుడి చక్రాన్ని కారుకు పట్టి ఉంచే బోల్టు పచ్చడి జాడీ మూతలాగా ఫల్దీలా వేళ్ళకే తిరిగిపోయింది.

కారులో ఆమె కొడుకు కూర్చుని ఉన్నాడు. పదిహేడేళ్ళ తౌరీక్. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని, అప్పటికే ఇంజన్ని ఒకటి రెండుసార్లు గుర్రుమనిపించాడు. ఇంకాస్సేపట్లో కిలార్నీ రేసు ట్రాక్ మీద ఉండేవాడు. మొదటి మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే ఆ చక్రం తన దారి తాను చూసుకునేది.

"ఆపు! ఇంజన్ ఆపెయ్!"

తౌరీక్ ఆపేశాడు. ఒక్కసారిగా గాలి హోరు వినిపించింది. రంజాన్ ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు తినకూడదని లారీ వెనక నక్కి మాంసం పఫ్ తింటున్న రెండో మెకానిక్ వెస్లీ మూతి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది ఆంటీ? దువా మధ్యలో మర్చిపోయారా?"

ఆ హాస్యానికి ఎవరూ నవ్వలేదు. కారు బయల్దేరే ముందు కుడి ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి బిస్మిల్లా అనడం ఫల్దీలా తండ్రి హాజీ సెదిక్ అలవాటు. ఆయన పోయాక టీముతో పాటు ఆ అలవాటూ ఆమెకే వచ్చింది. ఇవాళ చెయ్యి ఒక వేలెడు కిందికి పడింది. అంతే. మామూలు చోటే పడి ఉంటే ఈపాటికి ఆమె కొడుకు మలుపులో ఉండేవాడు.

వెస్లీ మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు చూశాడు. వాడి మొహంలో వెటకారం మాయమైంది.

"ఆంటీ, మీరు తిప్పకముందు గీత ఎలా ఉంది?"

"నిండుగా ఉంది. తెగలేదు."

"తెగలేదా? సరిగ్గా చూశారా?"

"నా కళ్ళ ముందే తెగింది. నేను తిప్పితేనే తెగింది."

వాళ్ళ పద్ధతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. బోల్టును టార్క్ పానాతో టిక్కుమనేదాకా బిగించాలి. బిగించాక, బోల్టు తల మీదుగా పక్కనున్న ఇనుము మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గియ్యాలి. తర్వాత బోల్టు వదులైతే గీత రెండు ముక్కలై దూరం నుంచే కనబడుతుంది. అంటే గీత తెగకుండా బోల్టు మాత్రం వదులుగా ఉందంటే, ఎవరో వచ్చి వదులు చేసింది కాదు. బిగించకుండానే గీత గీశారు.

ఆ టీములో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. వెస్లీది ఆకుపచ్చ. ఈ గీత పసుపు. పసుపు బూటా ఆర్మీన్‌ది.

ఆథ్లోన్ వాడలో వయసులో పెద్ద అయిన ప్రతి మగవాడూ బూటాయే, పెద్దన్న అన్నట్టు. కానీ రేసు కార్ల వాళ్ళ మధ్య ఉత్త 'బూటా' అంటే ఆర్మీన్ ఒక్కడే. ఫల్దీలా పుట్టకముందు నుంచీ ఆ పసుపు గీత కిలార్నీ చుట్టూ తిరుగుతోంది.

బూటా ట్రాక్ పక్కనున్న గ్యారేజీ లోపలి నుంచి మెల్లగా వచ్చాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కారు పక్కన కూర్చుని, బొటనవేలితో బోల్టును వెనక్కి తిప్పాడు. గీత రెండు ముక్కలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయి.

"నాదే" అన్నాడు.

"బాగా చూడండి బూటా."

"నా రంగు నేను గుర్తుపట్టనా తల్లీ? పసుపు ఈ టీములో నాకు తప్ప ఎవరికుంది?"

"మరి బిగించారా?"

బూటా తన కుడి చేతి వంక చూశాడు, అది ఏమైనా చెబుతుందేమోనన్నట్టు.

"గీత ఉందిగా. బిగించకుండా నేను గీత గియ్యను" అన్నాడు. మళ్ళీ, ఎవరితోనో అన్నట్టు, "కానీ బిగించి లేదు" అన్నాడు.

ఫల్దీలాకు భయం కోపంగా మారింది. భయపడ్డ తల్లి నోటికి హద్దు ఉండదు.

"ఇవాళ సాయంత్రం ఉపవాసం విడిచేలోగా నా బిడ్డ జనాజా లేపించేవారు బూటా! మా నాన్న చేతుల్లో పెరిగిన టీము, మీ చేతుల్లో పెట్టిన బిడ్డ! ఒక్క బోల్టు బిగించడం మర్చిపోతే మనిషిని క్షమిస్తారు. బిగించినట్టు గీత గీసి పెడితే ఏమనాలి? దాన్ని ఏమంటారో మీరే చెప్పండి!"

"మమ్మీ, వద్దు" అన్నాడు తౌరీక్. కారులోంచి దిగి హెల్మెట్ తీశాడు. పెదవులు సున్నంలా ఉన్నాయి. "ఏమీ కాలేదుగా. ఊరుకో."

"నువ్వు నోర్ముయ్!"

వాడు బూటా వంక చూడలేదు. ఆ బోల్టు వంకే చూస్తూ నిలబడ్డాడు. చావు పక్కనుంచి పోతే పిల్లాడు బెదిరిపోయాడనుకుంది ఫల్దీలా.

బూటా చొక్కా జేబులోంచి పసుపు పెన్ను తీసి కారు ముక్కు మీద పెట్టాడు. గాలికి అది దొర్లితే వెస్లీ గబుక్కున పట్టుకున్నాడు. బూటా తల మీది టోపీ సర్దుకుని గేటు వైపు నడవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి బూటా?" అని అరిచాడు వెస్లీ.

"ట్యాక్సీ దొరికే చోటికి."

"నేను దింపుతా ఉండండి!"

ముసలాయన చెయ్యి ఊపాడు, వద్దని. ఫల్దీలా పిలిచి ఉంటే ఆగేవాడు. ఆమె పిలవలేదు.

*

వచ్చే శనివారం జూనియర్ ఫార్ములా సీజన్ మొదటి పోటీ. కిందటేడు తౌరీక్ ఒక్క స్థానం తేడాతో కప్పు పోగొట్టుకున్నాడు. ఈ ఏడాది దాటితే వాడికి జూనియర్ వయసు దాటుతుంది. ఇదే ఆఖరి అవకాశం. వాళ్ళ కారు షెడ్డు పెళ్ళి ముందున్న ఇల్లులాగా ఉండాల్సిన వారం అది. కానీ మధ్యాహ్నం ముగ్గురూ లారీలోంచి కారు దింపి నేరుగా షెడ్డులోకి తోశారు. తౌరీక్ చేతులు కడుక్కుని, తలనొప్పి అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఇల్లు షెడ్డు వెనకే.

"కారు మొత్తం మళ్ళీ బిగించు" అంది ఫల్దీలా వెస్లీతో. "పసుపు గీత ఒక్కటి కనబడకూడదు. అన్నీ తుడిచి ఆకుపచ్చ పెట్టు."

వెస్లీ కదల్లేదు. "అన్నీనా?"

"నీ చెవుల్లో మైనం పోశారా? అన్నీ."

వెస్లీ గుడ్డ మీద కిరోసిన్ పోసి వంగాడు. ఫల్దీలా గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. షెడ్డు గోడ మీద తండ్రి ఫొటో ఉంది. పక్కన కుర్రవాడు ఆర్మీన్, నూనె మరకల చొక్కాతో. ఆ వర్ణవివక్ష చట్టాల రోజుల్లో ఆ వాడవాళ్ళు పోటీ రోజున గేటు దాటి లోపలికి పోవాలంటే చేతిలో పానా ఉండాల్సిందే. నడిపేవాళ్ళు వేరు, కప్పులు ఇళ్ళకు పట్టుకుపోయేవాళ్ళు వేరు. కారు మీద ఆర్మీన్ పేరు ఏనాడూ రాయలేదు. "పేరెందుకు? గెలిచిన కారు గీత దాటిందంటే నా గీత దానికంటే ముందే దాటినట్టు" అనేవాడు. ముందు చక్రాల దగ్గర ఉండేది కదా ఆ పసుపు.

అలాంటివాడు పెయింటుతో అబద్ధం చెప్పాడంటే ఆమెకు నమ్మబుద్ధి కావడం లేదు. నమ్మకపోతే ఇంకెవరో చేసి ఉండాలి. ఆ ఇంకెవరో ఆమె ఎదురుగానే వంగి కూర్చుని ఉన్నాడు.

"వెస్లీ, బూటా పాత పెన్నులు ఎక్కడుంటాయి?"

"సొరుగులో. ఎందుకు?"

"ఈ షెడ్డులో పెద్ద మెకానిక్కు కావాలని ఎవరు కాచుకుని ఉన్నారో నాకు తెలియదనుకుంటున్నావా?"

వెస్లీ గుడ్డ కింద పెట్టి లేచాడు. మనిషి పొట్టి, మాట పొడుగు. ఈసారి మాటను కూడా పొట్టిగానే పెట్టాడు.

"కావాలి ఆంటీ. ఎందుకు కావద్దు? కానీ ఆ పెన్ను బూటా తన చేత్తో ఇస్తే పుచ్చుకోవాలని. మా అమ్మ నన్ను పాస్టర్ని చేద్దామనుకుంది. పాస్టర్ని కాలేదని హంతకుణ్ణి అవుతానా? ఆ కారులో కూర్చునేది ఎవడు? నా భుజాల మీద ఎక్కి మామిడికాయలు కోసినవాడు."

ఫల్దీలా తల దించుకుంది. "తప్పయింది."

"తప్పే. సరే, తిట్టడం అయిపోయింది కదా, ఇప్పుడు ఇలా రండి. తుడవబోతుంటే ఒకటి కనబడింది. నాకు నచ్చలేదు."

వాడు లైటు దగ్గరగా పట్టాడు.

"ఈ గీత చూడండి. పెన్ను మొదట ఆనించిన చోట చుక్క లావుగా పడుతుంది. బూటా చుక్క ఎప్పుడూ ఇనుము మీద పడుతుంది. అక్కణ్ణుంచి బోల్టు తల మీదికి లాగుతాడు. ఎందుకలా బూటా అని నేను కొత్తలో అడిగితే, 'ఇంటివాడు కదరా చుట్టాన్ని లోపలికి పిలవాల్సింది' అన్నాడు. ఇదిగో, ఇది బూటాది. ఇదీ బూటాదే. ఇప్పుడు ఈ పొద్దుటి బోల్టు చూడండి."

చుక్క బోల్టు తల మీద ఉంది. అక్కణ్ణుంచి ఇనుము మీదికి జారింది.

"ఇదొక్కటేనా?" అంది ఫల్దీలా.

"అదే నాకు నచ్చనిది. ఇదొక్కటే కాదు."

ఇద్దరూ కారు చుట్టూ తిరిగారు. గేరుపెట్టె దగ్గర తలకిందుల గీతలు. వెనక చక్రాల దగ్గర తలకిందుల గీతలు. స్టీరింగ్ కింద ఒకటి. కొన్ని కొత్తవి, కొన్ని దుమ్ము పట్టి పాతబడ్డవి. ఫల్దీలా టార్క్ పానా తీసుకుని వాటిని ఒక్కొక్కటీ పరీక్షించింది. టిక్. టిక్. టిక్. అన్నీ రాయిలా బిగుసుకుని ఉన్నాయి. బూటా బోల్టులకంటే ఒక వీసమెత్తు ఎక్కువే.

"కారును చెడగొట్టాలనుకున్నవాడు ఇన్ని బోల్టులు బిగించి పోతాడా?" అన్నాడు వెస్లీ. "దొంగ ఎక్కడైనా ఇంటికి తాళం వేసి పోతాడా ఆంటీ?"

"ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది ఇది?"

"ఆ గేరుపెట్టె మనం క్రిస్మస్ ముందు విప్పాం. తర్వాత ముట్టుకోలేదు."

అప్పటి నుంచీ ఎవరో బూటా రంగుతో బూటా పని చేస్తున్నారు. చాటుగా, జాగ్రత్తగా. ఒక్కచోట తప్ప.

*

పొద్దు వాలుతోంది. ఎంత పిడుగు పడ్డా రంజాన్ నెలలో ఉపవాసం విడిచేముందు ఇరుగుపొరుగుకు పళ్ళేలు పంపక తప్పదు. ఫల్దీలా వంటింట్లో డాల్చీల, అంటే వాళ్ళ పకోడీల, పిండి కలిపింది. సెనగపిండి, పాలకూర, మిరపకాయ, బోలెడు పసుపు. చేత్తోనే కలుపుతుంది. కలుపుతూ కలుపుతూ ఆగి తన గోళ్ళు చూసుకుంది. అంచుల్లో పసుపు ఇంకిపోయి ఉంది.

ముందు చక్రాలు బిగించిన గురువారం, ఉపవాసం విడిచాక, ఇదే వంటింట్లో కొడుకుని కసిరింది: "ఆ పసుపు వేళ్ళతో తిరిగిచ్చే పళ్ళేలు ముట్టుకోకు. పక్కింటి ఆంటీ ఏమనుకుంటుంది?" వాడు చెయ్యి వెనక్కి దాచుకుని నవ్వాడు. అంతకు ముందు వారం కూడా అలాగే కసిరింది.

గురువారం డాల్చీలు చెయ్యలేదు. గురువారం సమోసాలు చేసింది. పసుపు డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఒక్క వాయి వేయించి తీసి ఆమె స్టవ్ కట్టేసింది. ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. బూటా చక్కెర వేసిన టీలో మళ్ళీ చక్కెర వేసుకోవడం. తౌరీక్‌ని "సెదిక్" అని పిలవడం, అందరూ ముద్దుగా నవ్వడం. చెప్పిన జోకే పావుగంటలో మళ్ళీ చెబితే వెస్లీ, "బూటా, రెండో సగం పోటీ కూడా అదే ట్రాకా?" అనడం. అన్నీ ఆమె చూసింది. వయసు అనుకుంది. వయసు అనుకుంటే ఇంకేమీ అనుకోనక్కర్లేదు కదా.

పళ్ళెం సర్ది గుడ్డ కప్పి కొడుకు గది తలుపు తోసింది.

"లే. బూటా ఇంటికి పోదాం."

"నేను రాను."

"చెయ్యి చూపించు."

తౌరీక్ చెయ్యి చూపించలేదు. కడుక్కున్నా పోని రంగు అది, చూపించనక్కర్లేదు కూడా. ఆమె అరుస్తుందనుకున్నాడేమో గోడకు ఒదిగాడు. ఆమె అరవలేదు.

కారులో సగం దారి పోయాక వాడే అన్నాడు.

"నేను చెబితే నువ్వు ఆయన్ని పంపేస్తావు."

"ఆయన పొద్దున్నే వెళ్ళిపోయాడు కదరా."

"అది వేరు మమ్మీ. కోపం మీద వెళ్ళినవాడు తిరిగి రావచ్చు. ఇది చెబితే ఇంక రాలేడు."

ఫల్దీలా ఎర్రదీపం దగ్గర ఆగి, పచ్చదీపం వచ్చాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయింది. వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

*

బూటా ఉండేది మూడంతస్తుల పాత ఫ్లాట్లలో, కింది అంతస్తులో. భార్య పోయి చాలాకాలమైంది. తలుపు తెరిచే ఉంది.

ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఒక ఇనుప ముక్క, దానికి ఒక బోల్టు, ఒక పానా. పక్కన చిన్న పళ్ళెంలో ఒకే ఒక్క ఖర్జూరం, గ్లాసుడు నీళ్ళు. ఆయన బోల్టును బిగిస్తున్నాడు, వదులు చేస్తున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. వీళ్ళను చూసి నవ్వాడు. పొద్దున జరిగింది ఆయన మొహంలో ఎక్కడా లేదు. ఒక్క క్షణం ఫల్దీలాకు అదీ మర్చిపోయాడేమోనని భయం వేసింది.

మర్చిపోలేదు.

"కూర్చో తల్లీ. పిల్లాడు బాగున్నాడా?"

"బాగున్నాడు బూటా."

"అల్‌హందులిల్లా." మళ్ళీ పానా పట్టుకున్నాడు. "గురువారాన్ని వెతుకుతున్నాను. చేతికి గుర్తుంటుందేమోనని. కుడి ముందు చక్రం దగ్గర కూర్చున్నట్టే ఉంది. కూర్చోనట్టూ ఉంది. తల పోతే పోనీ. తల ఎవరికైనా పోతుంది. మా నాన్నకూ పోయింది. కానీ నేను ముందు గీత గీసి తర్వాత బిగించే మనిషిని కాదమ్మా. ఎప్పుడూ కాదు. అదెలా చేశాను? అది నేనే అయితే ఇన్నాళ్ళూ తిరిగినవాడు ఎవడు?"

ఫల్దీలా పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"బూటా, పొద్దున నేను—"

"నువ్వు తల్లివి. అనాలి. అనకపోతే నేనే అనుకునేవాణ్ణి, ఇదేం తల్లి అని." పళ్ళెం మీది గుడ్డ ఎత్తి చూశాడు. "డాల్చీలా! మీ నాన్న వీటి కోసం అజాన్ కంటే ముందు కిటికీ దగ్గర నిలబడేవాడు. తౌరీక్, ఏంట్రా గుమ్మంలోనే నిలబడ్డావు? లోపలికి పిలవాల్సింది ఇంటివాడే కదా. పిలుస్తున్నాను. రా."

తౌరీక్ లోపలికి వచ్చాడు. బల్ల మీది బోల్టు చూశాడు. ముసలాయన వేళ్ళు పానా మీద కందిపోయి ఉన్నాయి. మధ్యాహ్నమంతా అదే పని చేసినట్టున్నాడు.

"మమ్మీ, కనలా" అన్నాడు, దయచేసి అని. "ఇంటికి పోదాం."

"వాడు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది బూటా" అంది ఫల్దీలా. "నేను చెబితే అది నా మాట అవుతుంది."

బూటా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన మర్చిపోతాడేమో గాని మూర్ఖుడు కాదు. పానా కింద పెట్టి, కుర్చీ వాడి వైపు తిప్పుకున్నాడు.

"చెప్పెయ్యి నాయనా. అజాన్ కాకముందే చెప్పెయ్యి. అయ్యాక తిందాం."

"చెబితే మీరు బాధపడతారు."

"మధ్యాహ్నం నుంచి నేనేం చేస్తున్నాననుకున్నావు?"

తౌరీక్ కుర్చీలో కూర్చోలేదు. ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు షెడ్డులో కూర్చున్నట్టు. కళ్ళెత్తకుండా మొదలుపెట్టాడు.

"ఆ గీత నాది బూటా. సొరుగులో మీ పాత పెన్ను ఒకటి ఉంటే తీసుకున్నాను. గేరుపెట్టె విప్పిన రోజు మీరు కొన్ని బోల్టులకు గీత పెట్టలేదు. రేపు పెడతారులే అనుకున్నాను. మర్నాడు మీరు నన్ను అడిగారు, 'ఆ బోల్టులు నేను బిగించానా?' అని. నేను అలా మీ మొహం చూస్తే, మీరు నవ్వి, 'నిన్ను పరీక్షించానులే' అన్నారు. మీరు పరీక్షించలేదు బూటా. నాకు తెలిసింది. ఆ సాయంత్రం నేనే బిగించి, పసుపు పెట్టాను. వేరే రంగుతో పెడితే వెస్లీ చూస్తాడు, మమ్మీకి చెబుతాడు. మర్నాడు పొద్దున మీరు వచ్చి ఆ గీత చూసుకుని, 'ఇదిగో, చేసేశానుగా' అన్నారు. ఎంత సంతోషంగా అన్నారో మీకు తెలియదు. అంతే. ఇంక రోజూ చేశాను. మీరు వదిలేసినవి వెతికి బిగించేవాణ్ణి. మీరు కప్పు గెలిచే కారు చెయ్యాలని చూశారు కదా, నేను ఈ ఒక్క సీజన్ అయ్యేదాకా మిమ్మల్ని దాచాలనుకున్నాను. ఆఖరి పోటీ అయ్యాక మీరే మానేస్తానంటారని, అప్పుడు ఎవరికీ తెలియదని. పొద్దున చెప్పేద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు. నేను గీశానంటే ఎందుకు గీశావంటారు. అందరి ముందూ, మీ ముందూ, ఎందుకో ఎలా చెప్పను? మీరు 'నాదే' అన్నారు. నేను ఊరుకున్నాను. మీరు గేటు దాకా నడిచి వెళ్తుంటే కూడా ఊరుకున్నాను.

"గురువారం వెలుతురు తగ్గిపోతోంది. మీరు నమాజుకు కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకోవడానికి వెళ్ళారు. మీరు వచ్చేలోగా అయిపోవాలని ముందు గీతలన్నీ గీసేశాను, తర్వాత వరసగా బిగిద్దామని. అలా చెయ్యకూడదని నాకు నేర్పింది మీరే. చిన్నప్పుడు ఒకసారి అలా చేస్తే చేతి మీద కొట్టారు కూడా. అన్నీ బిగించాను బూటా. ఆ ఒక్కటే మిగిలింది. పానా దాని మీద పెట్టాను కూడా. అప్పుడే అజాన్ వినిపించింది. మీరు తలుపు దగ్గర నిలబడి, 'తౌరీక్, రారా, ఒక్కటే ఖర్జూరం ఉంది, సగం నీది' అని పిలిచారు. నేను పెన్ను జేబులో దాచుకుని లేచి వచ్చాను. మీరు ఖర్జూరం తుంచి పెద్ద సగం నా చేతిలో పెట్టారు. నేను తిన్నాను. ఆ బోల్టు నాకు మళ్ళీ గుర్తే రాలేదు."